మూలపట్టికయు వడపోత పట్టికయు



గడచిన విద్యాసంవత్సరమున మన పాఠశాలలో జరిగిన ఒక చిన్న పొరపాటుతో ఈ పాఠమును ప్రారంభించెదను. ఆ పొరపాటు నాదే. పదవ తరగతి పిల్లలు కొందరు తోడుపడగా, విద్యార్థుల వివరములను కంప్యూటరులో భద్రపరచుటకై జావాస్క్రిప్టు భాషలో ఒక ప్రోగ్రామును వ్రాసితిని. జూన్ మాసమున ఆ వివరములనుండి తెలుగు మాధ్యమమున చదువువారిని వేరుపరచి, మరియొక పట్టికగా నిలిపితిని. అందు 41 పేర్లు వచ్చెను. ఆగస్టులో ఒక బాలిక తెలుగు తరగతిలో క్రొత్తగా చేరినది. అదే మాసమున ఒక బాలుడు తమిళ మాధ్యమమునకు మారెను. ఈ రెండు మార్పులను పెద్ద పట్టికలో శ్రద్ధగా నమోదు చేసితిమి.

పుస్తకములు పంచునాడు తెలుగు పట్టికను చూచి పేర్లు పిలిచితిని. పిల్లలు 41, పుస్తకములు 41, పేర్లు 41. లెక్క సరిపోయినదని నిశ్చింతగా నుంటిని. పంపకము ముగియునప్పటికి బల్లపై ఒక పుస్తకము మిగిలినది. వెనుక వరుసలో ఒక బాలిక వట్టి చేతులతో నిలిచియున్నది. "అయ్యవారూ, నా పేరు పిలువలేదు" అనినది. మిగిలిన పుస్తకమును ఆమెకే యిచ్చితిని. కాని పబ్లిక్ పరీక్షకు పంపవలసిన పేర్లలో ఇదే జరిగియున్నచో ఏమగును? ఆ ఆలోచనయే ఈ వ్యాసమునకు కారణము.

1. వడపోత యనగా నేమి?

జావాస్క్రిప్టును 1995లో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించెను. ఈ భాషలో వస్తువులను వరుసగా నిలుపు పట్టికను 'ఎర్రే' అందురు. ఒక విద్యార్థి పేరు, తరగతి, మాధ్యమము, చిరునామా గల వివరపు చీటిని 'ఆబ్జెక్టు' అందురు. పట్టికనుండి కావలసిన చీటులను ఏరుటకు 'ఫిల్టర్' అను సాధనము కలదు. 2009లో వెలువడిన భాషాప్రమాణపు ఐదవ కూర్పున ఇది చేరినది.

దానికి మనమొక నియమము నీయవలెను: "మాధ్యమము తెలుగు అయినచో గ్రహింపుము." అది మొదటినుండి తుదివరకు ఒక్కొక్క చీటిని పరీక్షించి, నియమమునకు సరిపడినవానితో క్రొత్త పట్టికను చేసియిచ్చును. మూలపట్టిక ఉన్నదున్నట్లే యుండును. ఇచట రెండు విషయములను గట్టిగా గుర్తుంచుకొనుడు.

మొదటిది: వడపోత ఆ క్షణమున ఒకమారు జరుగు పని. క్రొత్త పట్టిక తనను పుట్టించిన నియమమును జ్ఞాపకముంచుకొనదు. మూలమున పిమ్మట జరిగిన మార్పును ఎరుగదు.

రెండవది: క్రొత్త పట్టికలోనికి చీటుల నకళ్లు రావు. రెండు పట్టికలును అవే చీటులను వ్రేలితో చూపుచుండును.

2. మూడు విధముల మార్పులు

మూలపట్టికలో నలుగురున్నారనుకొందము: సీత, తెలుగు, గోపాలుడు, తమిళము, లక్ష్మి, తెలుగు, సలీము, ఉర్దూ. వడపోయగా సీత, లక్ష్మి మిగులుదురు.

చేర్పు: వెంకటేశు అను తెలుగు బాలుడు మూలపట్టికలో చేరెను. వడపోత పట్టికలో ఇంకను ఇద్దరే యుందురు.

తీసివేత: సీత పాఠశాల విడిచిపోయినది. మూలపట్టికనుండి ఆమె చీటిని తీసివేసినను, వడపోత పట్టికలో సీత నిలిచియే యుండును.

దిద్దుబాటు: ఇది అన్నిటికంటె తంటా గలది. లక్ష్మి చిరునామాను దిద్దినచో ఆ మార్పు రెండు పట్టికలందును కనబడును. ఏలయన చీటి యొక్కటే. దీనిని చూచి రెండు పట్టికలును తమంతట తామే సరిపోవుచున్నవని పలువురు భ్రమపడుదురు. కాని లక్ష్మి మాధ్యమమును తమిళముగా దిద్దినచో నేమగును? ఆ మార్పును ఆ చీటిలో కనబడును. అయినను ఆ చీటి తెలుగు పట్టికలోనే కూర్చుండియుండును! "నేను తమిళ మాధ్యమము" అని చెప్పు చీటి "తెలుగు" అను శీర్షిక క్రింద నిలిచియుండుట విడ్డూరము కదా. చీటిలోని విషయము మారుట వేరు, పట్టికలో దానికి చోటుండుట వేరు. మొదటిది తనంతట తెలియును. రెండవది మనము చేయనిదే జరుగదు.

3. మొదటి మార్గము: నిలువ చేయకుండుట

పొరుగు రాష్ట్రమున నేను ఉపాధ్యాయ శిక్షణ పొందునప్పుడు, మా గురువుగారు ఒకే వివరమును రెండు పుస్తకములలో వ్రాయనిచ్చెడివారు కారు. రెండుచోట్ల వ్రాసినది ఏదో యొకనాడు రెండు మాటలగునని వారి అభిప్రాయము. కంప్యూటరునకును ఇదియే చక్కని నీతి.

కావున మూలపట్టికను మాత్రమే భద్రపరుపుడు. తెలుగు పేర్లు కావలసినప్పుడెల్ల అప్పటికప్పుడు వడపోయుడు. పని ముగియగానే ఆ పట్టికను విడిచిపెట్టుడు. 400 మంది గల పాఠశాలలో ఇది 400 పరీక్షలు మాత్రమే. కనురెప్ప వాల్చునంతలో ముగియును. నేను జూన్‌లో చేసిన పట్టికను సెప్టెంబరువరకు దాచియుండనిచో ఆ బాలిక నిలుచుండవలసిన పని లేకపోయెడిది.

4. రెండవ మార్గము: కబురు పంపుట

చీటులు లక్షలకొలది యుండి, వెదకు గడిలో ఒక్కొక్క అక్షరము కొట్టినప్పుడెల్ల వడపోయవలసి వచ్చినచో, మొదటి మార్గము మందగింపవచ్చును. అప్పుడు వడపోత పట్టికను నిలువయుంచి, మూలమున మార్పు జరిగినప్పుడెల్ల దానికి కబురందునట్లు చేయవలెను. ఈ కబురును 'ఈవెంట్' అందురు. సాధారణమైన ఎర్రే ఇట్టి కబురు పంపదు. 2010లో వెలువడిన బ్యాక్‌బోన్ వంటి ఉపకరణములలోని పట్టికలు చేర్పు, తీసివేత, దిద్దుబాటులను తామే చాటును. అట్టి ఉపకరణము లేనిచో, ఈ మూడు పనులకును మూడు ఫంక్షన్లను వ్రాసి, వానిద్వారా తప్ప మరే దారిని మూలపట్టికను ముట్టరాదని కట్టడి చేయవలెను.

చేర్పు కబురు రాగానే క్రొత్త చీటిని నియమముతో పరీక్షింపవలెను. తీసివేత కబురు రాగానే ఆ చీటి ఇచటనున్నచో తొలగింపవలెను. దిద్దుబాటు కబురు వచ్చినచో నాలుగు సందర్భములు కలవు: ఇదివరకు లేదు, ఇప్పుడును తగదు, ఏమియు చేయవలదు. ఇదివరకు లేదు, ఇప్పుడు తగును, చేర్పవలెను. ఇదివరకున్నది, ఇప్పుడు తగదు, తొలగింపవలెను. ఇదివరకున్నది, ఇప్పుడును తగును, ఉండనీయవలెను. చీటి ఉన్నదో లేదో త్వరగా తెలిసికొనుటకు 2015 కూర్పున చేరిన 'సెట్' అను సాధనము ఉపయోగపడును.

క్రమమును మరువరాదు. క్రొత్త చీటిని కడపట చేర్చినచో మూలపట్టిక వరుస వేరు, దీని వరుస వేరు కావచ్చును. వరుస ముఖ్యమైనచో తగినచోట చొప్పింపవలెను. మరియు, పేరు చేర్పవలసినప్పుడు వడపోత పట్టికలో ఎన్నడును నేరుగా చేర్పరాదు. మూలమున చేర్చుడు, అది కబురుగా దిగివచ్చును.

5. సరిచూచుట యెట్లు?

నేను సంఖ్యను చూచి మోసపోతిని. ఒకరు వచ్చిరి, ఒకరు పోయిరి, 41 మారలేదు. కావున సంఖ్యలు సరిపోయినంతమాత్రమున పట్టికలు సరిపోయినట్లు కాదు. మూలమును క్రొత్తగా వడపోసి, నిలువయున్న పట్టికతో ఒక్కొక్క పేరును పోల్చుడు. ఏ యొక్కటి తేడా వచ్చినను ఒక కబురు దారి తప్పినదని తెలిసికొనుడు.

తల్లిదండ్రులకు మనవి: మీ పిల్లల తరగతియో, మాధ్యమమో, చిరునామాయో మారినచో పాఠశాల కార్యాలయమున వెంటనే తెలుపుడు. మూలమున తప్పున్నచో ఎంత నేర్పుగా వడపోసినను తప్పే వచ్చును. మనవంటి చోట తెలుగు చదువు పిల్లలు కొలదిమందియే. అందొక్క పేరు జారినను అది చిన్న నష్టము కాదు.

అభ్యాసము

1. పై ఉదాహరణలో సలీము తెలుగు మాధ్యమమునకు మారెను. వడపోత పట్టికలో అతని చీటి తనంతట వచ్చునా? ఏల?

2. వడపోత పట్టికనుండి లక్ష్మి చీటిని తొలగించినచో మూలపట్టికలో ఆమె యుండునా? ఆ పట్టికలోనే ఆమె చిరునామాను దిద్దినచో మూలమున కనబడునా?

3. మన గ్రంథాలయ పుస్తకముల పట్టికను తీసికొని, "ఎరువు పోయినవి" అను వడపోతకు మొదటి మార్గము తగునో రెండవది తగునో కారణములతో వ్రాయుడు.