పోటీ పరీక్షల ప్రత్యేకం: స్థాన విలువ, ముఖ విలువ

మెదక్ జిల్లా కౌడిపల్లి మీదుగా సాగే జాతీయ రహదారి సంఖ్య 765డి. ఇందులో 765ను తీసుకోండి. 6 ముఖ విలువ ఎప్పుడూ 6. పదుల స్థానంలో ఉంది కాబట్టి స్థాన విలువ 60. రెండింటి తేడా 54. ఎడమకు ఒక్కో స్థానం జరిగితే విలువ పది రెట్లవుతుంది.

అసలు తికమకంతా పెద్ద సంఖ్యల్లోనే. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,45,80,777. ఇక్కడ రెండు 8ల స్థాన విలువల తేడా ఎంత? మొదటిది 8,00,00,000, రెండోది 80,000. జవాబు 7,99,20,000. చివరి మూడు 7ల విలువలు వరసగా 700, 70, 7. వేల స్థానంలోని సున్నా స్థాన విలువ సున్నాయే. అయినా దాన్ని వదిలేస్తే ఎనిమిది కోట్లు కాస్తా 84,58,777కు పడిపోతుంది! అభ్యర్థులు ఎక్కువగా జారేది ఇక్కడేనని నా అభిప్రాయం. అంతర్జాతీయ పద్ధతిలో ఇదే సంఖ్య 84,580,777; కామాలు మారతాయి, స్థాన విలువలు మారవు.

దశాంశ బిందువుకు కుడివైపు విలువ పదో వంతుకు తగ్గుతూ పోతుంది: 0.765లో 6 విలువ 0.06.

జీకే కోసం: 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి సంస్కృత ‘గణితసార సంగ్రహం’ను తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన.