పోటీ పరీక్షల ప్రత్యేకం: టోంగరీరో – మావోరీల పవిత్ర అగ్నిపర్వతాలు

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపంలోని టోంగరీరో, న్గౌరుహోయె, రువాపెహు అగ్నిపర్వతాలు అక్కడి మూలవాసులైన మావోరీలకు పూర్వీకులతో సమానం. 1887లో న్గాటి తువారెటోవా తెగ అధిపతి నాలుగో తె హ్యూహ్యూ తుకినో ఈ శిఖరాలను ప్రభుత్వానికి అప్పగించారు. 1894 చట్టంతో ఆ ప్రాంతం దేశపు తొలి జాతీయ ఉద్యానమైంది.

పరీక్షల కోణంలో అసలు కీలకం యునెస్కో గుర్తింపు. 1990లో సహజ వారసత్వ స్థలంగా చేరిన టోంగరీరో, 1993లో సాంస్కృతిక భూదృశ్యంగానూ గుర్తింపు పొందింది. ఆ విభాగంలో ప్రపంచంలోనే మొదటిది ఇదే. కొండతో ఒక జాతికున్న ఆత్మబంధాన్నే వారసత్వంగా అంగీకరించడం నిజంగా గొప్ప మలుపు. సహజ, సాంస్కృతిక విలువలు రెండూ ఉన్నందున ఇది మిశ్రమ స్థలం. మన దేశంలో ఈ కోవలో తొలిది సిక్కింలోని కాంచన్‌జంగా జాతీయ ఉద్యానం (2016).

మాంగటెపోపో నుంచి కెటెటాహి దాకా సాగే టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ సుమారు 20 కిలోమీటర్ల ఒక రోజు నడక. దారిలోని ఎమరాల్డ్ సరస్సుల పచ్చదనానికి కారణం కరిగిన ఖనిజాలు. శిఖరాలు ఎక్కవద్దని, సరస్సుల నీటిని తాకవద్దని మావోరీలు కోరతారు. నడకకు వెళ్లేవారు దీన్ని తప్పక మన్నించాలి.

రువాపెహు (2,797 మీటర్లు) ఉత్తర ద్వీపంలో అత్యున్నత శిఖరం. పసిఫిక్ ఫలకం ఆస్ట్రేలియా ఫలకం కిందికి చొచ్చుకుపోవడమే ఇక్కడి అగ్నిపర్వతాలకు మూలం. 1953 డిసెంబరు 24న రువాపెహు బిలంలోని సరస్సు గట్టు తెగి, లాహర్ అనే బురద ప్రవాహం టాంగివాయి రైలు వంతెనను దెబ్బతీసింది. దాంతో జరిగిన రైలు ప్రమాదంలో 151 మంది మరణించారు. టోంగరీరో మీది తె మారి బిలం 2012లో పేలింది.