ఒంటి నొప్పా? మనసు నొప్పా?



తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, నీరసం ఎందుకు వస్తాయి? పని ఎక్కువైతే వస్తాయి. రక్తం తక్కువైనా వస్తాయి. మనసుకు జబ్బు చేసినా వస్తాయి. ఈ మూడో సంగతి చాలామందికి తెలియదు.

ఒక కూలి తల్లికి మూడు నెలలుగా తలనొప్పి. రాత్రి నిద్ర పట్టదు. అన్నం సయించదు. ఊళ్ళో సూదులు వేయించుకుంది. సెలైన్ ఎక్కించుకుంది. డబ్బు పోయింది, నొప్పి పోలేదు. చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించారు. రక్తం బాగానే ఉంది. అప్పుడు ఇలా అడిగారు.

"అమ్మా, మనసు దిగులుగా ఉంటోందా?"

"అవునమ్మా. ఊరికే ఏడుపొస్తోంది. అప్పు సంగతి ఎవరికీ చెప్పుకోలేక పోతున్నా."

"ఇదివరకు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడు చేయబుద్ధి అవుతోందా?"

"లేదమ్మా. పక్కింటికి పోవాలన్నా విసుగే."

"చచ్చిపోవాలని అనిపించిందా? దాచకుండా చెప్పండి."

"అంత లేదమ్మా."

"ఇది దిగులు జబ్బు. డిప్రెషన్ అంటారు. పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. మీ తప్పు అసలే కాదు. మీకు కొద్దిగానే ఉంది. సూదులు అక్కర్లేదు."

డాక్టరమ్మ నాలుగు పనులు చెప్పారు.

1. నమ్మిన మనిషితో మనసు విప్పి మాట్లాడాలి. అప్పు సంగతి పొదుపు సంఘంలో చెప్పాలి.
2. రోజూ కాసేపు నడవాలి. ఇష్టమైన పని ఒకటి చేయాలి.
3. రోజూ ఒకే వేళకు పడుకోవాలి, ఒకే వేళకు లేవాలి.
4. రెండు వారాలకు మళ్ళీ వచ్చి చూపించుకోవాలి.

మాటలతో జబ్బు తగ్గుతుందా? తగ్గుతుంది. గోవాలో డాక్టర్లు కానివారికి శిక్షణ ఇచ్చారు. వారు ఆరోగ్య కేంద్రాల్లో దిగులు జబ్బు ఉన్నవారితో 6 నుంచి 8 సార్లు కూర్చుని మాట్లాడారు. చాలామందికి తగ్గింది. 2016లో ఈ ఫలితాలు వచ్చాయి.

జబ్బు ఎక్కువగా ఉంటే డాక్టరు మాత్రలు ఇస్తారు. అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతదాకా ఓపిక పట్టాలి. బాగుందని మధ్యలో మానకూడదు.

చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఆగకూడదు. వెంటనే ఇంట్లోవాళ్ళకు చెప్పాలి. ఆస్పత్రికి వెళ్ళాలి. 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది 2022లో మొదలైన ప్రభుత్వ సేవ. పేరు టెలీ మానస్. రాత్రీ పగలూ పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు.

గుర్తుంచుకోండి: రెండు వారాలకు మించి దిగులు ఉంటే డాక్టరుకు ఒంటి బాధతోపాటు మనసు బాధ కూడా చెప్పాలి.

ఆలోచించి చెప్పండి:
1. దిగులు జబ్బు గుర్తులు ఏవి?
2. మీ వాడలో ఎవరైనా ఇలా ఉన్నారా? ఆమెకు మీరు ఏం చెబుతారు?