పెద్ద అంకె మోజు

ఎయిర్ రైఫిల్‌కి స్కోపు కొనబోయే మనిషి దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ఇదే: "ఎంత దగ్గరగా కనిపిస్తుందండీ?" అమ్మేవాడికీ అదే కావాలి. 6-24×50 అని రాసిన పెట్టె తీసి బల్ల మీద పెడతాడు. రోడ్డు అవతల ఉన్న బ్యాంకు బోర్డు మీద అక్షరాలు చదవమంటాడు. అక్షరాలేం ఖర్మ, బోర్డు అంచుకి పట్టిన తుప్పు కూడా కనిపిస్తుంది. బేరం అక్కడితో అయిపోయినట్టే.

ఇంటికొచ్చాక అసలు సంగతి బయటపడుతుంది. ఆయన కాల్చేది పెరటి గోడ ముందు, ఇసుక బస్తాకి ఆనించిన అట్టముక్క మీద. దూరం పదిహేను మీటర్లు. ఆ స్కోపు 6 కంటే కిందికి దిగదు. పదిహేను మీటర్ల దగ్గర బొమ్మ స్పష్టపడదు. బ్యాంకు బోర్డుని కాల్చే అవసరం ఈ జన్మలో రాదు.

ఈ పెద్దమనిషి తెలివితక్కువవాడేమీ కాదు. ఇవాళ తనకేం కావాలో చూసుకోకుండా, ఎప్పుడో తను కాబోయే గొప్ప షూటర్ కోసం కొన్నాడు, అంతే. మనలో చాలామంది కోర్సులో చేరేదీ, జిమ్‌కి ఏడాది చందా కట్టేదీ, తీరా పనికొచ్చేసరికి ముట్టుకోని కెమెరా కొనేదీ ఇలాగే. ఎంపిక చేసుకోవడం ఒక విద్య. ఆ విద్యని తక్కువ ఖర్చులో నేర్పే వస్తువుల్లో మధ్యస్థ శక్తి గల వేరియబుల్ స్కోపు, అంటే జూమ్ మార్చుకునే వీలున్నది, ఒకటి. ఎందుకో చూద్దాం.

దుకాణానికి వెళ్లే ముందు ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాయండి. పోయిన నెలలో ఎక్కడ కాల్చారు, ఎంత దూరంలో కాల్చారు, ఏ వేళప్పుడు కాల్చారు. రాబోయే నెల గురించి రాయకండి, అక్కడే కలలు దూరతాయి. ఎయిర్ రైఫిల్‌కి సంబంధించినంతవరకు నూటికి తొంభైమంది కాగితంలో దూరం 10 నుంచి 40 మీటర్ల మధ్యే ఉంటుందని నా అంచనా. మన దేశంలో 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఆ శక్తితో 40 మీటర్లకు మించి దూరం వెళ్లేకొద్దీ పెల్లెట్ గాలి చెప్పినట్టు వింటుంది గానీ మీరు చెప్పినట్టు వినదు. లైసెన్సు అక్కర్లేదంటే పిట్టల్ని కొట్టొచ్చని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ దారి మూసేసింది. అట్ట, రేకు, గొలుసుకి వేలాడదీసిన బిళ్ల చాలు.

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. 3-9×40 అంటే వస్తువుని మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 40 మిల్లీమీటర్లు. 4-12×40 కూడా ఇదే కుటుంబం. అందరి చూపూ 9 మీదా 12 మీదా ఉంటుంది. నేనైతే ముందు 3నో 4నో చూడమంటాను. స్కోపు మీకు ఎంత లోకం చూపిస్తుందో చెప్పేది ఆ చిన్న అంకే. 20 మీటర్ల దూరంలో 3 మీద పెట్టి చూస్తే అటూ ఇటూ కలిపి రెండు మీటర్లకు పైనే కనిపిస్తుంది. 9 మీద మీటరు కూడా ఉండదు. 24 మీదైతే అడుగు వెడల్పుకి అటూ ఇటూ. ఆ అడుగులో మీరు కొట్టాల్సిన బిళ్ల ఉంటే అదృష్టమే. లేకపోతే ఆకులూ, గోడా, మళ్లీ ఆకులూ. తల ఎత్తి చూసి, మళ్లీ కన్ను ఆనించి, మళ్లీ వెతుక్కోవడం.

ఏకాగ్రత అనగానే మనవాళ్లు అర్జునుణ్ణి పిలుస్తారు. చెట్టు కనిపించలేదు, కొమ్మ కనిపించలేదు, పిట్ట కన్నొక్కటే కనిపించిందన్నాడు కదా అంటారు. నిజమే. కానీ ఆ పిట్ట ఏ చెట్టు మీద, ఏ కొమ్మ మీద ఉందో ముందు చూసుకున్నాకే కదా కన్ను దగ్గరికి వచ్చింది! విశాలంగా చూడ్డం మొదటి మెట్టు, బిగించి చూడ్డం రెండోది. మొదటి మెట్టు లేని స్కోపు కొనకండి. అన్నట్టు, ద్రోణుడు కొమ్మ మీద పెట్టింది కూడా బొమ్మ పిట్టనే.

పెద్ద అంకెతో ఇంకో చిక్కుంది. అది వస్తువునే కాదు, మీ వణుకుని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. తుపాకి ఎవరి చేతిలోనైనా కదులుతుంది. ఊపిరి, గుండె కొట్టుకోవడం, మోచెయ్యి, అన్నీ కలిసి గొట్టాన్ని ఊపుతూనే ఉంటాయి. 4 మీద ఆ ఊపు కనపడీ కనపడనట్టుంటుంది. అదే 16 మీద చూస్తే క్రాస్‌హెయిర్, అంటే స్కోపులోని గురి గీత, బిళ్ల మీంచి జారిపోయి, తిరిగొచ్చి, మళ్లీ జారిపోతుంది. నడుస్తున్న పల్లెవెలుగు బస్సులో సూదిలోకి దారం ఎక్కించడం లాంటి అవస్థ. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? గీత బిళ్ల మీదికి వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని ట్రిగ్గర్‌ని గుంజుతాడు. గుంజిన దెబ్బ ఎక్కడికో పోతుంది. వణుకు అంతకుముందూ అంతే ఉంది, ఇప్పుడూ అంతే ఉంది. కానీ కనిపించేసరికి కంగారు పుట్టింది. తమ లోపాల్ని రోజూ భూతద్దంలో చూసుకునే పిల్లలు పరీక్ష హాల్లో చేసేదీ ఈ గుంజుడే. లోపం తెలియాలి, సరిచేసుకునేటంత మేరకు తెలియాలి. నిలబడి కాల్చేటప్పుడు 4 లేదా 5 చాలు. బస్తా మీద ఆనించి, తీరిగ్గా, కాగితం మీద రంధ్రాలు లెక్కపెట్టుకునేటప్పుడు 9 వాడుకోండి. వేరియబుల్ అన్నది అందుకే.

బ్రిటన్‌లో హంటర్ ఫీల్డ్ టార్గెట్ అని ఒక ఎయిర్ రైఫిల్ పోటీ ఉంది. అడవిలాంటి చోట 8 నుంచి 45 గజాల మధ్య రకరకాల దూరాల్లో ఇనుప బొమ్మలు నిలబెడతారు. బొమ్మలో చిన్న గుండ్రటి కంత. కంతలోకి పెల్లెట్ వెళ్తే వెనకున్న మీట తగిలి బొమ్మ పడిపోతుంది, 2 పాయింట్లు. కంత తప్పి బొమ్మ రేకుకి తగిలితే 1. అదీ లేకపోతే సున్నా. ఏ బొమ్మ ఎంత దూరంలో ఉందో ఎవరూ చెప్పరు. తుపాకి శక్తి కూడా ఆ దేశపు చట్టం ప్రకారం 12 అడుగు-పౌండ్లు, అంటే పదహారు చిల్లర జౌల్స్ దాటకూడదు. ఇదంతా ఒక ఎత్తు, స్కోపు గురించి పెట్టిన నియమం ఒక ఎత్తు. ఆట మొదలయ్యాక స్కోపులో దేన్నీ తిప్పకూడదు. జూమ్, ఫోకస్, గురి మరలు, అన్నీ ముందే ఎక్కడ పెట్టుకున్నారో అక్కడే ఉండాలి. 8 గజాల బొమ్మకీ అదే, 45 గజాల బొమ్మకీ అదే.

ఇలాంటి నియమం కింద మనిషి ఎంపిక ఎలా మారుతుందో ఊహించుకోండి. పెద్ద అంకె పెట్టుకుంటే దగ్గర బొమ్మ మసక ముద్దైపోతుంది. మరీ చిన్న అంకె పెట్టుకుంటే దూరపు కంత కనపడదు. అందుకని అనుభవం ఉన్నవాళ్లు 8కో 10కో అటూ ఇటూగా, ఫోకస్ 25 గజాల దగ్గరగా పెట్టుకుని వదిలేస్తారు. ఇక చూసుకోవాల్సింది బొమ్మ దూరం, గాలి, తన ఒళ్లు. 25 గజాల బొమ్మ ఎంత పదునుగా కనిపిస్తుందో, 40 గజాలది ఎంత మసకేస్తుందో వాళ్లకి కంఠస్థం. ఆ మసకే వాళ్లకి దూరం చెప్పే గుర్తు. లోటునే కొలబద్దగా మార్చుకున్నారన్నమాట. రోజుకో యాప్ మార్చి, వారానికో టైంటేబుల్ రాసుకునేవాళ్లు ఒక నెల ఈ నియమం కింద బతికి చూడాలి. పద్ధతి ఒకటి పెట్టుకోండి, తిప్పకండి.

ఇక పారలాక్స్. దీన్ని మాటల్లో చెప్పడం కంటే చేసి చూపించడం తేలిక. రైఫిల్‌ని రెండు ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించండి. గుళ్లు వేయకండి. స్కోపులోంచి పది మీటర్ల అవతలి చుక్కని చూడండి. తుపాకిని ముట్టుకోకుండా తలని మాత్రం కొద్దిగా ఎడమకీ కుడికీ జరపండి. తుపాకి జరగలేదు, చుక్క జరగలేదు. అయినా క్రాస్‌హెయిర్ చుక్క మీద ఈదుతున్నట్టు కనిపిస్తే ఆ స్కోపు ఆ దూరానికి పొసగలేదని అర్థం. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనకపోతే దెబ్బ తప్పుతుంది. పెద్ద రైఫిళ్ల కోసం చేసిన స్కోపుల్లో ఈ సర్దుబాటుని సాధారణంగా 100 గజాలకి బిగించి పంపిస్తారు. మనకి 10 గజాల దాకా దిగేది కావాలి. ముందు అద్దం చుట్టూ తిరిగే కట్టుంటుంది, లేదా ఎడమ పక్కన గుండ్రటి మర ఉంటుంది. వాటి మీద ఉన్న అత్యల్ప అంకె ఎంతో పెట్టె తెరిచి చూడండి. అది 10 అయితే మాట్లాడండి, 50 అయితే మర్యాదగా వెనక్కిచ్చేయండి.

ధర ఎక్కువైతే మంచిదే అయ్యుంటుందన్న నమ్మకం ఒకటుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఆ నమ్మకాన్ని ముక్కలు చేస్తుంది, అక్షరాలా. మందుగుండు తుపాకి వెనక్కి తంతుంది. స్ప్రింగ్ తుపాకి రెండు పక్కలకీ తంతుంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకి వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివరికొచ్చి ఆగినప్పుడు తుపాకి ముందుకు కుదుపుతింటుంది. వెనకటి తన్నుని మాత్రమే కాచుకునేలా కట్టిన ఖరీదైన స్కోపులో, ఈ ముందు కుదుపుకి అద్దాలో గీతలో వదులైపోతాయి. దానికంటే తక్కువ ధరలో, ఎయిర్ రైఫిల్ కోసమే చేసిన స్కోపు ఏళ్ల తరబడి నిలబడుతుంది. గొప్ప కాలేజీలో రాణించిన మనిషి చిన్న ఊరి ఆఫీసులో నలిగిపోవడం చూస్తుంటాం. దెబ్బ తినడం చేతకాక కాదు, ఆ దిక్కు నుంచి వచ్చే దెబ్బకి సిద్ధపడలేదు. నిల్వ గాలితో కాల్చే పి.సి.పి. రైఫిళ్లకి ఈ తన్ను దాదాపు లేదు, అవి ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు.

అదే కుదుపు స్కోపుని పట్టాల మీద కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతుంది. ఎయిర్ రైఫిళ్ల మీద ఎక్కువగా 11 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది. దానికి సరిపోయే మౌంటు తీసుకుని, అడుగున ఉన్న చిన్న పిన్ను రైఫిల్ మీది గుంటలో కూర్చునేలా బిగించండి. స్కోపు మీద పెట్టే డబ్బులో కొంత మౌంటుకి మిగుల్చుకోండి. ఎవరూ చూడని ఆ ఇనుప ముక్క వదులైతే పైనున్న అద్దాలు ఎంత గొప్పవైనా దండగే.

వెలుతురు సంగతి ఒక్క భాగహారం. ముందు అద్దం 40ని జూమ్‌తో భాగించండి. 4 మీద 10 మిల్లీమీటర్ల వెలుగు గుండ్రం కంటికి చేరుతుంది, 10 మీద 4. సాయంత్రం మసక వేళ కంటిపాప అంతకంటే పెద్దగా విచ్చుకుంటుంది, అందుకని 10 మీద బొమ్మ చీకటిగా ఉంటుంది. అంకె తగ్గించండి, వెలుగొస్తుంది. 50, 56 అద్దాల బరువు మోయక్కర్లేదు.

హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికవేత్త, 1978లో నోబెల్ అందుకున్నాయన, మనిషి నిర్ణయాల గురించి ఒక మాట తేల్చాడు. ఉన్న దారులన్నీ చూసి అత్యుత్తమమైనది ఏరడం మనవల్ల కాదు, మన గీత దాటిన మొదటిదాని దగ్గర ఆగుతాం అని. చిక్కల్లా ఆ గీతని ముందే గీసుకోకపోవడంలో ఉంది. గీసుకోండి: కింది అంకె 3 లేక 4, పై అంకె 9 లేక 12, అద్దం 40, ఫోకస్ 10 గజాల దాకా, ఎయిర్ రైఫిల్‌కే చేసిందని తయారీదారు రాసి ఉండాలి. ఈ గీత దాటిన మొదటిది మీ డబ్బుకి అందితే కొనేయండి. ఆ తర్వాత వారం రోజులు రివ్యూ వీడియోలు చూడకండి, దయచేసి.

ఇంట్లో పిల్లో పిల్లాడో 10 మీటర్ల రైఫిల్ పోటీలకి వెళ్దామనుకుంటుంటే అసలు స్కోపే కొనకండి. ఆ పోటీలో జూమ్ చేసే స్కోపుకి చోటు లేదు. చిన్న కంతలోంచి చూసే గురి మాత్రమే. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం ఆ కంతతోనే తెచ్చారు.

కొన్నవాళ్లు మొదటి రోజు చేయాల్సిన పని ఒకటుంది. చాలా స్కోపుల్లో గురి మర ఒక్క క్లిక్కు తిప్పితే పది మీటర్ల దగ్గర దెబ్బ ముప్పావు మిల్లీమీటరు లోపే జరుగుతుంది. కాబట్టి ఒక్క పెల్లెట్ పక్కకి పోగానే మర మీద చెయ్యి వేయకండి. అయిదు కాల్చండి. అయిదూ ఒక గుంపుగా పడితే, గుంపు మధ్య నుంచి చుక్క దాకా కొలిచి, అప్పుడు తిప్పండి. చెల్లాచెదురుగా పడితే లోపం మరలో లేదు, ముందు మౌంటు చూడండి, తర్వాత మీ చెంప, ఆ తర్వాత ట్రిగ్గర్ వేలు. గురి 25 మీటర్లకి కుదిరాక 8 మీటర్ల దగ్గర కాల్చి చూస్తే దెబ్బ కింద పడుతుంది. కంగారు పడకండి. స్కోపు గొట్టానికి నాలుగు సెంటీమీటర్లు పైన కూర్చుంది, పెల్లెట్ అంత దగ్గర్లో ఇంకా చూపు గీతని అందుకోలేదు. ఎంత కింద పడిందో దూరం వారీగా ఒక చీటీ మీద రాసి తుపాకి పెట్టె మూతకి అంటించుకోండి. జూమ్ 6 మీద పెట్టి, ఒక డబ్బా పెల్లెట్లు అయిపోయేదాకా దాన్ని తిప్పకండి. డబ్బా ఖాళీ అయ్యాక పై అంకె మీద కూడా పెట్టి చూడండి, అదీ చాలలేదని తేలితే, అప్పుడు వెళ్లి పెద్దది కొనుక్కోండి.