ఎర్ర లైటు ఒక్కసారి మెరిసినా చాలు: ఆడియో ఇంటర్‌ఫేస్ మీద క్లాక్, లెవెల్ చూడటం

జన్వాడ భజన వీడియో చూసినవాళ్ళకి చివరి కీర్తన సగంలో ఆగిపోవడం గుర్తుండే ఉంటుంది. అది ఎడిటింగ్‌లో పోయింది కాదు. రికార్డింగే పాడైంది, తప్పు నాదే. మీ అమ్మమ్మ మంగళహారతో, ఊళ్ళో తాతయ్య భజనో రికార్డు చేద్దామనుకుంటే ఇది చదివి వెళ్ళండి.

గండిపేట అవతల ఉన్న జన్వాడకి కార్తీక సోమవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బైక్ మీద వెళ్ళాను. భజన నడిపించే పెద్దాయన, వెనక పాడేవాళ్ళు, హార్మోనియం, డోలక్, నాలుగు జతల తాళాలు. నా ఇంటర్‌ఫేస్‌లో మైకులకి చోటు చాలక ఇంకో ప్రీఆంప్ బాక్సుని ఆప్టికల్ కేబుల్‌తో కలిపాను. హెడ్‌ఫోన్స్‌లో పాట బాగానే ఉంది కానీ మధ్యమధ్యలో టిక్, టిక్ అని చప్పుడు. కేబుల్ మార్చాను, పోలేదు. ఇంటర్‌ఫేస్ మీద సింక్ లైటు మిణుకుమిణుకుమంటోందని పావుగంటకి గానీ చూసుకోలేదు.

శబ్దాన్ని సెకనుకి 48,000 సార్లు కొలుస్తున్నామనుకోండి. ప్రతి కొలత ఏ క్షణంలో తీయాలో చెప్పేది క్లాక్. భజనలో తాళం ఒకరు పట్టాలి, మిగతావాళ్ళు అనుసరించాలి. నేనేమో రెండు బాక్సుల్నీ ‘ఇంటర్నల్’లో పెట్టాను, అంటే ఎవరి తాళం వాళ్ళదే. ఆప్టికల్ కేబుల్ ప్రీఆంప్ నుంచి ఇంటర్‌ఫేస్‌కి ఒక వైపే వెళ్తుంది కాబట్టి ప్రీఆంప్‌ని ఇంటర్నల్‌లో ఉంచి, ఇంటర్‌ఫేస్ క్లాక్‌ని ‘ఆప్టికల్’కి మార్చాలి. మార్చగానే లైటు నిలకడగా వెలిగింది, టిక్ టిక్ ఆగింది. కొన్ని కంపెనీలు ఈ లైటుకే ‘లాక్’ అని పేరు పెడతాయి.

రెండింటి శాంపిల్ రేటూ ఒకటే ఉండాలి. సీడీలకి 44.1 కిలోహెర్ట్జ్, వీడియోకి 48. 44.1లో తీసిన 10 నిమిషాల పాటని సాఫ్ట్‌వేర్ 48 అనుకుని వాయిస్తే 9 నిమిషాల 11 సెకన్లలో అయిపోతుంది, శ్రుతి కూడా హార్మోనియం మీద దాదాపు ఒకటిన్నర మెట్టు పైకి పోతుంది. పెద్దాయన గొంతు చిన్నపిల్లాడిలా వినిపిస్తుందన్నమాట.

కెమెరాకి కూడా సొంత క్లాక్ ఉంటుంది. రెండు క్లాకుల మధ్య పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకి 0.18 సెకను జారుతుంది. తాళాలు కలవడం కళ్ళకి ముందు, చెవికి తర్వాత. అందుకే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టించండి, ఎడిటింగ్‌లో రెండు చోట్లా కలపొచ్చు.

ఇక నా అసలు తప్పు. డిజిటల్ మీటర్‌లో 0 డీబీ అంటే పైకప్పు, దాని మీద ఇంకేమీ లేదు. అక్కడికి తగిలిన శబ్దం తల తెగిపోయి గరగరమంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ ఎంత కిందికి లాగినా ఆ తెగిన భాగం తిరిగి రాదు. తగ్గించాల్సింది బాక్సు మీద ఉన్న గెయిన్ నాబ్. చాలామంది పొరపడేది ఇక్కడే.

నేను పెద్దాయన నెమ్మదిగా పాడిన మొదటి కీర్తనకి గెయిన్ పెట్టి వదిలేశాను. చివరికి అందరూ లేచి గోవింద నామం అందుకునేసరికి డోలక్, తాళాలు రెట్టింపయ్యాయి. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, నేను మాత్రం కళ్ళు మూసుకుని వింటున్నాను! సగటు మైనస్ 18 దగ్గర, గట్టి దెబ్బలు మైనస్ 6 దాటకుండా ఉంటే చాలు. 24 బిట్‌లో తీస్తే తక్కువ లెవెల్ వల్ల నష్టమేమీ ఉండదు, తర్వాత పెంచుకోవచ్చు.

ఆ చివరి కీర్తన వరస ఆయనకి వాళ్ళ నాయన నేర్పింది, ఎక్కడా రాసి లేదు. మళ్ళీ పాడతారా అని అడిగితే, "ఇప్పుడు ఎట్ల బిడ్డా, గొంతు అలిసింది. పండుగ అయినంక రా" అన్నారు. సంక్రాంతి తర్వాత వెళ్తున్నాను. ఈసారి గెయిన్ పెట్టడానికి ముందు అందరి చేతా గోవింద నామమే పాడిస్తాను.