షోలాపూర్: నేత పేటలు, మార్షల్ లా

మహారాష్ట్రలోని షోలాపూర్‌లో 1877లో నూలు మిల్లు మొదలయ్యాక తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు వలస వెళ్లి నగరం తూర్పు భాగంలో స్థిరపడ్డాయి. భవానీ పేట, సాఖర్ పేట వంటి చోట్ల నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఇక్కడి జకార్డ్ మగ్గంపై చిల్లుల అట్టలు ఒక్కొక్కటిగా తిరుగుతూ ఏ పడుగు పోగు లేవాలో నిర్ణయిస్తాయి. అలా నేసే షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు ఉంది.

స్వాతంత్య్రోద్యమంలో ఈ కార్మిక నగరం చూపిన తెగువ అసాధారణం. 1930 మేలో గాంధీజీ అరెస్టుతో మిల్లు కార్మికులు వీధుల్లోకొచ్చారు. మే 8న పోలీసులు కాల్పులు జరిపారు. జనాగ్రహానికి కొన్ని రోజులు బ్రిటిష్ పాలనే స్తంభించింది. మే 12న మార్షల్ లా విధించారు. జాతీయ జెండా పట్టుకోవడమూ నేరమైంది. ఉద్యమకారులు మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్డాలను 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరితీశారు.

1938లో చైనా యుద్ధక్షేత్రానికి కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల్లో ద్వారకానాథ్ కోట్నీస్‌దీ షోలాపూరే. గాయపడిన సైనికులకు సేవలందిస్తూ ఆయన 1942 డిసెంబరు 9న అక్కడే మరణించారు.