పోటీ పరీక్షల ప్రత్యేకం: పగడాల పెంపకం, పరిరక్షణ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి గ్రూప్స్‌కు సిద్ధమవుతున్నవారు జీవశాస్త్రం, పర్యావరణం, చట్టం మూడూ కలిసే ఈ అంశాన్ని శ్రద్ధగా చదవాలి. మీ ప్రాంతానికి అతి దగ్గరి ప్రవాళ భిత్తికలు తమిళనాడు తీరంలో, పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖ వైపు ఉన్నాయి.

పగడం మొక్క కాదు, రాయీ కాదు. నిడేరియా వర్గపు జంతువు. దాని కణజాలంలోని జూజాంథెల్లే శైవలాలు కిరణజన్య సంయోగక్రియతో ఆహారం అందిస్తాయి. నీరు వేడెక్కితే పగడం వాటిని వదిలేసి తెల్లబారుతుంది. ఇదే కోరల్ బ్లీచింగ్.

పెంపకం సూత్రం తేలిక. తల్లి పగడం నుంచి చిన్న ముక్క తీసి గట్టి ఆధారానికి అతికిస్తే కొత్త సమూహంగా ఎదుగుతుంది. ఇండోనేషియా ఇలా పెంచినవాటిని ఇంటి అక్వేరియంల కోసం ఎగుమతి చేస్తుంది. సముద్రం నుంచి పెరికి తేవడం కంటే ఇది ఎంతో మేలు. రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారం అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధం కిందకు వస్తుంది.

మన దేశంలో పరిస్థితి వేరు. అభ్యర్థులు తడబడేదీ ఇక్కడే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో రాతి పగడాలను 2001లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూల్ అదే. సముద్రం నుంచి సేకరించడం, అమ్మడం నేరం. అందుకే ఇక్కడ పగడాల పెంపకం ప్రధానంగా భిత్తికల పునరుద్ధరణ కోసమే. తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ 2002 నుంచి మన్నార్ సింధుశాఖలో పగడపు ముక్కలు నాటుతోంది. గుజరాత్‌లోని మిఠాపూర్ వద్ద 2020లో భారత జంతు సర్వేక్షణ సంస్థ బయోరాక్ పద్ధతిని చేపట్టింది. నీటిలో ఉంచిన ఉక్కు చట్రానికి స్వల్ప విద్యుత్తు ఇస్తే కాల్షియం లవణాలు పేరుకుంటాయి. వాటిపై పగడాలు వేగంగా ఎదుగుతాయి.